పెంటమ్మ అనే పేరు

కిందటేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం, డిగ్రీ చివరి సంవత్సరం చదివే అమ్మాయి స్టాఫ్‌రూంలో నా దగ్గరికి వచ్చి బల్ల మీద ఒక స్టాంపు కాగితం పెట్టింది. పేరు మార్చుకుంటున్నట్టు నోటరీ ముందు ఇవ్వాల్సిన ప్రమాణపత్రం అది. కింద ఇద్దరు సాక్షుల సంతకాలకి చోటుంది. "ఒకటి మా చిన్నాయన పెడతన్నడు మేడం. ఇంకోటి మీరు పెట్టాలె" అంది. పాత పేరు రాయాల్సిన చోట పెంటమ్మ అని టైపు చేసి ఉంది.

ఆ పేరు నాకు కొత్త కాదు. ఏడాదిన్నరగా హాజరు పట్టీలో చదువుతున్నదే. చదివేటప్పుడు ఆ ఒక్క పేరునీ కొంచెం వేగంగా, కొంచెం గొంతు తగ్గించి దాటేసేదాన్ని. వెనక బెంచీల నవ్వుకి సందివ్వకూడదనే అలా చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే అది నా పేరు కూడా.

నా సర్టిఫికెట్ల మీద, డాక్టరేట్ పట్టా మీద, అచ్చయిన వ్యాసాల మీద ఉన్న పేరు వేరు. అది నాకు ఆరో ఏట బడిలో వచ్చింది. నల్గొండ జిల్లాలో మాది ఒక చిన్న పల్లె. బడిలో చేర్చడానికి తీసుకెళ్ళిన మా నాయన నా పేరు చెప్పగానే, రిజిస్టరు ముందు కూర్చున్న సారు కలం ఆపి, "ఆడపిల్లకి అదేం పేరయ్యా" అని, తన సొంత బిడ్డ పేరే రాసేశాడట. కోపంతో రాయలేదు, జాలితో, మంచి మనసుతోనే రాశాడు. మా నాయన దండం పెట్టి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకర్తిని, బడిలో ఒకర్తిని అయ్యాను. హైదరాబాదు వచ్చాక ఇంట్లో ఉన్నదాన్ని ఎవరికీ పరిచయం చేయడం మానేశాను. అమ్మ ఫోన్ చేస్తే హాస్టల్ వరండా చివరికి వెళ్ళి మాట్లాడేదాన్ని. అమ్మ గొంతు పెద్దది.

ఇప్పుడు ఆ పేరును చట్టప్రకారం రద్దు చేసే కాగితం మీద నన్ను సాక్షిగా ఉండమంటోంది ఈ అమ్మాయి. పెట్టిన పేరుకి మనం ఏమైనా బాకీ ఉంటామా? మనల్ని బతికించడానికి పెట్టిన పేరును, అది మనల్ని నలుగురిలో చిన్నబుచ్చుతోందని వదిలేయడం ద్రోహమా, హక్కా? సంతకం రేపు పెడతానని ఆమెని పంపేశాను. ఈ ప్రశ్నల్ని నేను ఇరవై ఏళ్ళుగా రేపటికే వాయిదా వేస్తున్నానని ఆ తర్వాత అనిపించింది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మా ఇంటి వెనక ఒక పెంట ఉండేది. పొద్దున్నే అమ్మ కొట్టం ఊడ్చి ఎత్తిన పేడ, పొయ్యిలోని బూడిద, వాకిలి చెత్త, పశువులు మిగిల్చిన గడ్డి అన్నీ అక్కడికే చేరేవి. ఏడాదంతా అది మాగేది. తొలకరికి ముందు బండ్లకెత్తి చేనుకి తోలేవాళ్ళు. పెంట ఎంత పెద్దదైతే ఆ ఇంట్లో అంత గొడ్డూగోదా ఉన్నట్టు లెక్క. ఆ పల్లె భాషలో పెంట అంటే ముందు ఎరువు. నల్లమల అడవిలోని చెంచులు తమ ఆవాసాలనే పెంటలంటారు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట అలాంటివే. అదే మాట హైదరాబాదు సిటీ బస్సులోకి వచ్చేసరికి "అంతా పెంట చేశాడు" అన్న విసుగులోకి కుదించుకుపోయింది. ఎరువు, ఊరు, రోత అని మూడు అర్థాలున్న మాటలోంచి నగరం రోతను మాత్రం ఉంచుకుంది. నా పేరు మారలేదు, వినే చెవి మారింది.

నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. ఒకరు పురిట్లోనే, ఒకరు పదకొండో నెలలో వాంతులు, విరేచనాలతో. మూడోసారి నేను పుట్టగానే నాయనమ్మ నన్ను చాటలో పెట్టి, తీసుకెళ్ళి పెంట మీద ఉంచింది. ముందే మాట్లాడి పెట్టుకున్న ఒకామె అటుగా వచ్చి, "ఎవలో పారేసిన బిడ్డ ఉన్నది, నేను దీస్కపోత" అని ఎత్తుకుంది. నాయనమ్మ ఎదురెళ్ళి శేరు నూకలిచ్చి నన్ను కొనుక్కుంది. చావు చూస్తూ ఉంటుందన్న నమ్మకంతో, దాని కోసం ఆడిన నాటకం ఇది. ఈ బిడ్డ మేం మొక్కులు మొక్కి కన్నది కాదు, ఎవరో పారేసింది, నూకలకి కొనుక్కున్నది, దీన్ని తీసుకుపోయినా ఈ ఇంట్లో ఎవరూ ఏడవరు అని దానికి చెప్పడం. నేను ఆ పేరు మీద అలిగినప్పుడల్లా నాయనమ్మ ఒకటే మాట అనేది: "గా పేరు వెట్టకుంటె నువ్వుందువా బిడ్డా?"

ఈ నాటకం మా ఊరొక్కదానిదే కాదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్యలు, తవిటమ్మలు ఉన్నారు. వాళ్ళు తవుడిచ్చి కొనుక్కున్న పిల్లలు. ఎంగిలి విస్తరాకుల్ని పుల్లాకులంటారు. వాటిలో దొర్లించి తీసిన పిల్లలు పుల్లయ్యలు, పుల్లమ్మలు అయ్యారు. బిచ్చంగా దొరికారనుకున్న పిల్లలు భిక్షమయ్యలు, భిక్షమ్మలు. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్ప, తిప్పణ్ణ, తిప్పమ్మ అక్కడి పేర్లు. తమిళంలో కుప్పై అంటే చెత్త, దానిలోంచి కుప్పుసామి, కుప్పమ్మాళ్ వచ్చారు. బెంగాల్లో మూడు గవ్వలకి కొన్న బిడ్డ తీన్‌కొడి. అక్కడి తొలితరం రంగస్థల నటి తీన్‌కొడి దాసి పేరులో ఉన్నవి ఆ మూడు గవ్వలే.

జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో అచ్చయిన తన తర్కశాస్త్ర గ్రంథంలో, వ్యక్తుల పేర్లకి, ఊళ్ళ పేర్లకి అర్థముండదన్నాడు. అవి ఒకరిని చూపిస్తాయే గాని వారి గురించి ఏమీ చెప్పవని ఆయన వాదం. డార్ట్ నది ముఖద్వారంలో ఉన్న ఊరు డార్ట్‌మత్ అయింది, నది దారి మార్చుకున్నా ఊరిని అదే పేరుతో పిలుస్తారు కదా అంటాడు. పరిశోధన చేసే రోజుల్లో ఈ మాట నాకెంతో ఊరటనిచ్చింది. పేరు ఒక గుర్తు మాత్రమే అయితే నా పేరుకి నేను సిగ్గుపడక్కర్లేదు. కాని మిల్ ఎప్పుడూ తరగతి గదిలో నిలబడి పెంటమ్మ అనే పేరుకి "ప్రెజెంట్ సార్" అని ఉండడు. పుల్లయ్య విషయంలో ఆయన మాట నిజమే. సినిమా దర్శకులు సి. పుల్లయ్య, పి. పుల్లయ్యల పేర్లు విని ఎవరూ నవ్వరు. పుల్లాకు అన్న మాట వాడుకలోంచి జారిపోయింది కాబట్టి పేరులోని ఎంగిలి ఎవరికీ కనబడదు. పెంట మాత్రం ఇంకా రోజూ పలికే మాట. మాట చచ్చిపోతే పేరు బతికి బట్టకడుతుంది. మాట బతికి ఉంటే ఆ పేరున్న మనిషి రోజూ దాని బరువు మోయాలి. పేర్లకి అర్థం లేదన్నది అందమైన అర్థాలున్న పేర్ల వాళ్ళకి సులువుగా దొరికే తత్వం.

ఇక్కడ ఇంకో జాతి పేర్ల గురించి చెప్పాలి. వినడానికి ఇవీ అవీ ఒకలాగే ఉంటాయి, లోపల మాత్రం పూర్తిగా వేరు. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 2011 అక్టోబరులో ఒక సభ జరిగింది. నకుశా, నకోశీ అన్న పేర్లున్న 285 మంది ఆడపిల్లలకి అధికారులు కొత్త పేర్ల సర్టిఫికెట్లు ఇచ్చారు. నకుశా అంటే అక్కర్లేనిది. బెంగాలీలో ఆన్నాకాళీ అన్న పేరుంది, "ఇక చాలు కాళీ" అని దాని అర్థం. రాజస్థాన్‌లో ధాపూ అంటే కడుపు నిండిపోయింది అని. తమిళనాడులో వేండాం అంటే వద్దు. ఇవన్నీ వరసగా ఆడపిల్లలు పుడుతుంటే, ఈసారైనా మగపిల్లాడిని ఇవ్వమని దేవుడికి బిడ్డ పేరు మీద రాసిన అర్జీలు. నా పేరులో తల్లి చావుతో మాట్లాడింది, ఈ బిడ్డ నాకు అక్కర్లేదని దానికి అబద్ధం చెప్పింది, బిడ్డ కావాలి కాబట్టి. నకుశా పేరులో చెప్పింది అబద్ధం కాదు. పెంటమ్మకి పక్కనే పెంటయ్య ఉన్నాడు. నకుశాకి తోడుగా మగపేరు లేదు. ఏ మగపిల్లాడినీ "ఇక చాలు" అని పిలవరు.

అందుకే సతారా సభ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు కన్నీళ్ళతో పాటు కొంచెం కోపం కూడా వచ్చింది. అలాంటి పేర్లన్నిటినీ ఒకే గాటన కట్టి, మూఢనమ్మకాలు, వెనకబాటుతనం అని తుడిచేసే మాటలు అప్పుడు చాలా విన్నాను. మా నాయనమ్మ చేసినదాన్ని ఆ జాబితాలో చేర్చడం నాకు నచ్చలేదు. ఆమెకి అందుబాటులో ఉన్న ఒకే ఒక్క టీకా అది. దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళని ప్రభుత్వ లెక్క. 2020కి అది 28 అయింది, తెలంగాణలో 21. సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైంది 1985లో. పెంటమ్మలు, తవిటమ్మలు అరుదైపోవడానికి మనం నాగరికులమవడం కన్నా పిల్లలు బతకడం పెద్ద కారణమనుకుంటాను. పిల్లలు పోవడం తగ్గిన చోట చావుని మోసం చేయాల్సిన పని తగ్గింది.

ఇంతవరకూ రాసి, నాయనమ్మ పక్షాన గెలిచాననుకున్నాను. కాని మనుస్మృతి రెండో అధ్యాయం గుర్తొచ్చి ఆగాను. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడి పేరు బలాన్ని సూచిస్తూ, వైశ్యుడి పేరు ధనంతో కూడి ఉండాలని, శూద్రుడి పేరు రోత పుట్టించేలా ఉండాలని అక్కడ విధించారు. ఆడవాళ్ళ పేర్లు పలకడానికి సులువుగా, చెవికి ఇంపుగా, దీవెనలా ఉండాలన్నారు. మూడో అధ్యాయంలో నక్షత్రాల, చెట్ల, నదుల, పక్షుల, పాముల పేర్లున్న పిల్లల్ని, భయంగొలిపే పేర్లున్న వాళ్ళని పెళ్ళాడవద్దన్నారు. ఆ లెక్కన పెంటమ్మ శూద్రుల పేరుగా సరిపోయింది, ఆడదాని పేరుగా తప్పింది. మా బీసీ ఇంట్లో మనుస్మృతి ఎవరూ చదవలేదు. అయినా ఏ పేరు రోత, ఏ పేరు మంగళం అన్న కొలత ఊరి గాలిలోనే ఉంది. మా నాయనమ్మ ఆ రోతను చావు మీదికి ఆయుధంగా తిప్పింది. కాని ఆ ఆయుధాన్ని ఆమె తయారుచేయలేదు.

ఇంకా లోతుకి పోతే అసలు ముల్లు అక్కడుంది. చావు పెంట దగ్గరికి ఎందుకు రాదు? మైల కాబట్టి. పెంట మీది బిడ్డని ఎత్తుకోవడానికి పిలిచేది ఎవరిని? ఊరు ఎవరిని మైల అనుకుంటుందో వాళ్ళని. ఆమె చేతుల్లోంచి వచ్చిన బిడ్డని చావు ముట్టుకోదన్నది నమ్మకం. అంటే చావు కూడా అంటరానితనం పాటిస్తుందని మా వాళ్ళు నమ్మారు. ఆ నమ్మకం మీదే నా ప్రాణం నిలబెట్టారు. నన్ను కాపాడిన ప్రేమ నిజం. ఆ ప్రేమ వేరేవాళ్ళ అవమానాన్ని అరువు తెచ్చుకుని పని చేసిందన్నది కూడా అంతే నిజం. అస్తిత్వాల గురించి ఎన్ని సెమినార్లలో మాట్లాడినా, నా పేరులో ఈ రెండో నిజం ఉందని ఆ రాత్రి దాకా నేను గమనించలేదు.

మర్నాడు ఆ అమ్మాయి వచ్చింది. సంతకానికి ముందు ఆమెకి ఈ పేరు కథ చెప్పాలనుకున్నాను. నా ఇంటి పిలుపు కూడా అదేనని మొదలుపెట్టి, చాట, నూకలు, తవుడు, గవ్వలు అన్నీ చెప్పాను. అంతా విని మెల్లగా అంది: "మీరు మార్చుకున్నంక చెప్తున్నరు మేడం." నాకు జవాబు దొరకలేదు. ఆమే మళ్ళీ అంది: "గీ కథ నాకు ఎర్కనే. నాది మా అవ్వ పేరు. అవ్వకి ముందు అయిదుగురు పోయిన్రంట. నాకు ముందు ఎవ్వలు పోలే. మా అన్న ఉన్నడు, అక్క ఉన్నది. ఆమె చావు తప్పిచ్చుకునేటందుకు వెట్టిన పేరు నాకెందుకు? ఆ పేరు పని అయిపోయింది. నాకు ఉద్యోగం గావాలె."

నా పట్టా, నా పుస్తకాల బీరువా ఏమీ అడ్డురాలేదు. ఆమె చెప్పింది సరైనది. జుడిత్ బట్లర్ 1997లో అచ్చయిన పుస్తకంలో, గాయపరిచే పిలుపు మనిషిని కుదించడంతో పాటు ఎదురు మాట్లాడడానికి ఒక చోటు కూడా ఇస్తుందని వాదిస్తుంది. దాన్ని నేను చాలాసార్లు ఉదహరించాను. కాని ఎదురు మాట్లాడడమంటే ఆ పేరును జెండాలా మోయడమే కానక్కర్లేదని, దాన్ని కింద పెట్టి నడిచిపోవడం కూడా కావచ్చని ఈ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. పేరు అర్థం నిఘంటువు చెప్పొచ్చు, పెట్టినవాళ్ళు చెప్పొచ్చు. దాని ఖరీదు కట్టేది మాత్రం మోసే మనిషి. ఇంక కట్టనని చెప్పే హక్కు ఆమెదే. వేరేవాళ్ళు ఆ పేరును ఉంచుకోవాలని, మన మూలాలకి గుర్తుగా ఎవరో ఒకరు మోస్తూ ఉండాలని కోరుకోవడం, తాను దించుకున్న మూటను పక్కవాళ్ళ తల మీద చూసి మురిసిపోవడం లాంటిది. నేను చేయబోయింది అదే.

నాకూ ఆమెకీ ఒక తేడా ఉంది. తన పేరు తనే మార్చుకుంటోంది, కొత్త పేరు తనే ఎంచుకుంది, పాత పేరు ఏమిటో పత్రికలో, గెజిట్‌లో అచ్చు వేయించి మరీ మారుస్తోంది. నా పేరు ఇంకొకరి జాలి మార్చింది. తర్వాత నేను దాన్ని దాచాను. పేరు వదలడంలో తప్పు లేదు. అది ఎప్పుడూ లేనట్టు బతకడంలో ఉంది. సంతకం పెట్టాను. నా పట్టాలోని పేరుతోనే పెట్టాను, చట్టానికి తెలిసిన నేను ఆ పేరే కాబట్టి.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి అడిగాను, నన్ను పెంట మీంచి ఎత్తుకున్నది ఎవరని. అమ్మ వెంటనే కులం పేరు చెప్పి, "గామెనే" అంది. పేరేంటని అడిగాను. కాసేపు అటునుంచి మాట లేదు. "ఏమో బిడ్డా, మేము గట్లనే విలుస్తుంటిమి" అంది. నాయనమ్మకి తెలిసి ఉండేదేమో, ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీల్లో ముప్ఫై మందికి పైగా కృతజ్ఞతలు చెప్పాను. లైబ్రరీలో జిరాక్సులు తీసిచ్చిన అతని పేరు కూడా ఉంది. రెండు పేర్ల మధ్య నలిగిపోయానని ఇన్నేళ్ళు నా మీద నేను జాలిపడ్డాను. నన్ను రెండు చేతులతో ఎత్తిన మనిషికి మా ఇంటి జ్ఞాపకంలో ఒక్క పేరు కూడా లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు వాడకి వెళ్ళాను. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ వీధిలోకి నేను వెళ్ళడం అది రెండోసారో మూడోసారో. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మనవరాలు ఇంటి ముందు కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఎవరని అడిగితే నా బడి పేరు చెప్పాను, ఆమెకి తెలియలేదు. మా నాయన పేరు చెప్పాను. "ఆయన బిడ్డవంటె… పెంటమ్మవా?" అంది. "మా అవ్వ చెప్తుండె. ఫలానోళ్ళ పెంటమ్మను నేనే ఎత్తిన, పట్నంల పెద్ద సదువు సదువుతున్నదని." మా ఇల్లు ఆమె పేరు మరిచిపోయిన ముప్ఫై ఏళ్ళూ వాళ్ళ ఇల్లు నా పేరు గుర్తుపెట్టుకుంది. నేను దాచుకున్న పేరునే.

ఆమె పేరు అడిగాను. మనవరాలు చెప్పింది. "ఎందుకక్కా ఇప్పుడు?" అని కూడా అడిగింది. నన్ను బతికించింది కాబట్టి అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, "నీకు నూకలిచ్చి కొన్నరు గదా, బాకీ ఏమున్నది" అని నవ్వింది. ఆ నవ్వులో ఎంత ఎగతాళి ఉందో, ఎంత స్నేహం ఉందో నాకిప్పటికీ తెలియదు. ఆ పేరు ఇక్కడ అచ్చు వేయవచ్చా అని నేను ఆ కుటుంబాన్ని అడగలేదు కాబట్టి రాయడం లేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ పేరును ఒకసారి మెల్లగా, ఇంకోసారి కొంచెం గట్టిగా పలికి చూసింది.